మొరిగే ఇల్లు

మా బావ బోర్డులు రాసేవాడు. షాపుల మీద, బళ్ళ మీద, గేట్ల మీద, వీధి మొదట్లో పాతే రేకుల మీద. మనుషుల పేర్లు ఆయనకి ఎప్పుడూ గుర్తుండేవి కావు గానీ, ఎవరి బోర్డు ఏ రంగులో రాశాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ముక్కు మీదే కోపం. నిచ్చెన మీదుండగా కింద నుంచి ఎవరైనా "అన్నా, ఆ అక్షరం ఇంకాస్త పెద్దది చెయ్యి" అన్నారో, కుంచె డబ్బాలో పడేసి దిగిపోయేవాడు. మా అక్క ఆయన్ని ఎందుకు కట్టుకుందో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. అడిగితే "చేతిరాత చూసి" అనేది, సిగ్గు లేకుండా.

ఊరి చివర కొత్తగా వేసిన వీధిలో వాళ్ళిద్దరూ చిన్న ఇల్లు కట్టుకున్నారు. గేటు మీద పేరు రాయాల్సి వచ్చినప్పుడు బావ మొదటిసారి ఇంకొకరి మాట అడిగాడు.

"పేరు నువ్వు చెప్పు, నేను రాస్తాను" అన్నాడు.

"విశ్రాంతి" అంది అక్క.

"అదేం పేరు?"

"మీ పక్కన నాకు ఎలాగూ దొరకదు. గేటు మీదైనా ఉండనివ్వండి."

బావ నవ్వలేదు. కానీ ఆ బోర్డు మీద పెట్టినంత ప్రాణం ఆయన ఇంక దేని మీదా పెట్టలేదు. తెల్లటి రేకు మీద ముదురు నీలం అక్షరాలు, ఒక్కో అక్షరం కుడి అంచున సన్నగా బూడిద రంగు నీడ. దూరం నుంచి చూస్తే అక్షరాలు రేకు మీంచి లేచి నిలబడ్డట్టుండేవి. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ బోర్డుని ఆయన తుడిచే పద్ధతి చూస్తే నాకు ఒక్కోసారి ఒళ్ళు మండేది, ఒక్కోసారి జాలేసేది.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. పొద్దున ఇస్తే సాయంత్రానికి బోర్డు, మనిషి మొహంతో సహా. బావ పని ఎండిపోయింది. అప్పుడే ఇంటర్నెట్ సెంటర్లు కూడా వచ్చాయి, చెక్క గదులు, గదికో పరదా. ఊరి గురించి ఎవరో ఒక పేజీ పెట్టారని విని బావ అక్కడికి వెళ్ళాడు. తోడు నన్ను లాక్కెళ్ళాడు. పేజీలో ఊరి పటం ఉంది. మా అక్కవాళ్ళ వీధి ఉండాల్సిన చోట ఖాళీ మైదానం చూపిస్తోంది.

"ఇది తప్పు. దిద్దు" అన్నాడు బావ సెంటర్ ఆయనతో.

"అది చూడ్డానికే సార్. దిద్దడానికి కుదరదు" అన్నాడాయన నవ్వి.

"మరి రాసినోడెవడు?"

"ఎవరో, ఎక్కడో. మనం చూసేవాళ్ళం, అంతే."

బావ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. దారి పొడుగునా "చూసేవాళ్ళమట, చూసేవాళ్ళం!" అని సణుగుతూనే ఉన్నాడు. ఆ మాట ఆయనకి ఏళ్ళ తరబడి గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఊళ్ళో సగం పేర్లు తన చేత్తో రాసిన మనిషికి, తెర మీద ఒక్క పేరు దిద్దే హక్కు లేదు.

అందుకే ఫోనులో పటం వచ్చి, దాని మూల చిన్న పెన్సిల్ గుర్తు కనబడి, "ఇక్కడ ఏముందో మీరే రాయండి" అన్నప్పుడు మా బావకి మళ్ళీ వయసొచ్చినట్టయింది. ఎండలో గొడుగు లేకుండా, చెప్పులు అరిగేలా తిరిగాడు. ప్రతి వీధి పేరూ ఎక్కించాడు. ప్రతి షాపుకీ ఫొటో తీశాడు. అందరికంటే ముందు గేటు ముందు నిలబడి "విశ్రాంతి" అని కొట్టి, అది పటం మీద తేలగానే అక్కని కేకేసి చూపించాడు.

"రంగు ఖర్చు లేకుండా బోర్డు రాసేశారే!" అంది అక్క.

ఆ ఒక్క రోజు ఆయన నవ్వాడు. అంతటితో ఆగితే బాగుండేది. వీధిలో కనబడిన వాళ్ళనల్లా గేటు దగ్గర ఆపి నేర్పించాడు. "ఇదిగో, ఇక్కడ నొక్కు. ఇక్కడ రాయి. ఇప్పుడు మనమే రాసేవాళ్ళం. అర్థమైందా?" అని. వాళ్ళకి బాగానే అర్థమైంది.

కొన్నాళ్ళకి పటంలో నక్షత్రాలొచ్చాయి. ఏ షాపు ఎలా ఉందో మనమే తీర్పు చెప్పొచ్చు. ఇక మా బావని పట్టుకునేవాడు లేడు. మంగలి షాపుకి రెండు నక్షత్రాలు, తువ్వాలు వాసన. ట్యూషన్ సెంటర్‌కి ఒకటి, పంతులు పాఠం మధ్యలో ఫోన్ చూసుకుంటాడు. వాళ్ళింటి ఎదురుగా ఉన్న బేకరీకి ఒకటి: "నిన్నటి బన్నులు ఇవాళ్టివని అమ్ముతారు." అన్నీ నిజాలే, అందుకే ఎవరూ క్షమించలేదు.

బేకరీ ఆవిడ గేటు దగ్గరికొచ్చింది. చేతులకి పిండి ఇంకా అలాగే ఉంది.

"అన్నయ్యగారూ, ఏమన్నా ఉంటే నాకు చెప్పొచ్చుగా. ఊరందరికీ చెప్పాలా?"

"అబద్ధం రాశానా?"

"అబద్ధమని అనట్లేదు. మిగిలినవి పారేస్తే నాకు గిట్టదు."

"అయితే అదే రాయి కింద. జవాబు రాసుకోవడానికి చోటుంది."

"నాకు రాయడం రాదు" అందావిడ. పిండి చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఏడాది తిరక్కుండా బేకరీ మూతపడింది. కారణం ఆ ఒక్క నక్షత్రమేనని నేననను. కానీ షట్టర్ దించిన రోజునే మా బావ ఫోన్ తీసి, బేకరీ మీద వేలు పెట్టి, "శాశ్వతంగా మూసివేశారు" అన్నది నొక్కాడు. అక్క చూసి, "ఆవిడ ఇంకా సామాన్లు కూడా సర్దుకోలేదండీ" అంది. "పటంలో తప్పు ఉండకూడదు" అన్నాడాయన.

ఆ తర్వాతే పటంలో వాళ్ళ ఇంటికున్న పేరు మారింది. ఒక పొద్దున అక్క కూరగాయలు తెప్పించుకుంటే, బండి కుర్రాడు గేటు దగ్గర నిలబడి బోర్డు చూస్తాడు, ఫోన్ చూస్తాడు, మళ్ళీ బోర్డు చూస్తాడు. "ఏంటి బాబూ?" అంటే ఫోన్ తిప్పి చూపించాడు. "విశ్రాంతి" లేదు. "మొరిగే ఇల్లు" అని ఉంది. కింద ఎవరో రాశారు: "కుక్క లేదు. అయినా జాగ్రత్త."

గేటు ముందు బండి ఆపిన వాళ్ళ మీద, గోడకి బంతి కొట్టిన పిల్లల మీద బావ అరిచే మాట నిజమే. వీధి చివరికి వినబడేలా అరుస్తాడు. పేరు పెట్టినవాడు తెలివైనవాడని ఒప్పుకోక తప్పదు. ఎవరన్నది మాత్రం తేలలేదు. బేకరీ ఆవిడ కాదు, ఆవిడకి రాయడం రాదు. మిగతా వీధంతా రాయగలదు, మా బావే నేర్పాడు.

బావ దాన్ని తిరిగి "విశ్రాంతి" అని మార్చాడు. సాయంత్రానికి మళ్ళీ మారిపోయింది. మళ్ళీ మార్చాడు. ఈసారి పదిమంది కలిసి "ఈ పేరు సరైనదే" అని నొక్కారు. ఆ పటానికి గేటు మీది రేకుతో పని లేదు. ఎక్కువమంది ఏదంటే అదే నిజం. ఆయన ఫొటో తీసి పెట్టాడు, ఇంటి పన్ను రసీదు పెట్టాడు, తాను ఎవరో, ఎన్ని బోర్డులు రాశాడో వివరంగా రాసుకున్నాడు. కంపెనీ నుంచి జవాబొచ్చింది: మీ మార్పు స్థానికులు ఇచ్చిన సమాచారానికి విరుద్ధంగా ఉంది. పట్టు వదలకుండా దిద్దుతూనే ఉంటే, తప్పుడు సమాచారం ఇస్తున్నారని చెప్పి పెన్సిల్ గుర్తే తీసేశారు. మళ్ళీ చూసేవాళ్ళలోకి తోసేశారు.

తర్వాత జనం రావడం మొదలుపెట్టారు. ఊళ్ళో వాళ్ళే, పనీ పాటా లేని వాళ్ళు. గేటు ముందు నిలబడి ఫొటోలు దిగేవారు. ఒకడు "భౌ" అనేవాడు, బావ కర్ర పట్టుకుని బయటికొచ్చేవాడు, రెండోవాడు వీడియో తీసేవాడు. ఒక వీడియోలో ఆయన గొంతు తీసేసి కుక్క అరుపు పెట్టారు. నోరు ఆయనది, అరుపు కుక్కది. అది నా కుట్టుమిషన్ షాపుకి వచ్చిన వాళ్ళు నాకే చూపించి పడీపడీ నవ్వారు, ఆయన నా బావ అని తెలియక. వాళ్ళ జాకెట్టు కావాలనే బిగువుగా కుట్టి పంపాను.

అక్క మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకుంది. సరుకులకి ఫోన్ చేస్తే వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి, "మొరిగే ఇల్లు బాబూ. ఆఁ, అదే" అనేది. ఒకరోజు బావ విన్నాడు.

"నువ్వు కూడానా?"

"వాళ్ళకి దారి తెలియాలిగా! పేరులో ఏముందండీ?"

పేర్లు రాసి బతికిన మనిషితో ఆ మాట అనకూడదు. ఆయన అరవలేదు, అందుకే భయం వేసింది నాకు. ఇంట్లో ఉన్న రెండు ఫోన్లూ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. బజారుకెళ్ళి ఒక బటన్ ఫోన్ తెచ్చాడు, పటాలూ నక్షత్రాలూ ఏమీ లేనిది.

"ఆ పేరు ఈ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. మాటివ్వు" అన్నాడు.

"ఇచ్చాను లెండి" అంది అక్క. సరుకులు తనే వెళ్ళి మోసుకొచ్చుకునేది ఆ తర్వాత.

అలా మోసుకొచ్చుకుని సంచి వంటింట్లో దించిన ఒక మధ్యాహ్నం అక్క అక్కడే కూలబడిపోయింది. బావ అంబులెన్సుకి ఫోన్ చేశాడు, తర్వాత నాకు చేశాడు. నా షాపు రెండు వీధుల అవతల. పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి అక్క గోడకి ఆనుకుని ఉంది. మొహం ఒక పక్క జారిపోయింది. ఎడం చేత్తో నేల మీద ఏదో తడుముతోంది. బావ ఒక చేత్తో ఆమె తల పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. బటన్ ఫోన్లో అవతలి గొంతు గదంతా వినబడుతుంది. అది అంబులెన్స్ డ్రైవర్ గొంతు.

"సార్, మీ వీధి పేరుతోనే ఊళ్ళో ఇంకో వీధి ఉంది. అక్కడికి పోయి వెనక్కొచ్చా. మీ ఇల్లు ఎక్కడ?"

"విశ్రాంతి. గేటు మీద రాసుంటుంది."

"మ్యాప్‌లో రావట్లేదు సార్. దగ్గర్లో ఏదైనా గుర్తు చెప్పండి."

"బేకరీ ఎదురుగా."

"బేకరీ లేదు సార్ ఇక్కడ. ఎప్పుడో మూసేశారని ఉంది." డ్రైవర్ ఎవరినో అడుగుతున్నాడు, అన్నా, ఇక్కడ విశ్రాంతి అనే ఇల్లెక్కడ అని. ఎవరో "ఆ పేరుతో ఏం లేదే" అనడం కూడా వినబడింది. అబద్ధమాడి ఉండరు. నిజంగానే మరిచిపోయారు.

"సార్, ఇక్కడ మొరిగే ఇల్లు అని ఒకటి చూపిస్తోంది" అన్నాడు డ్రైవర్. "అది నాకు తెలుసు, వీడియో చూశా. దానికి ఏ పక్క మీరు?"

అక్క కళ్ళు ఆయన మొహం మీదే ఉన్నాయి. నోరు తెరిచింది. "మొ..." అంది. పెదవి రెండో సగం కలవలేదు. ఇచ్చిన మాట తప్పడానికి ప్రయత్నిస్తోందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఆయనకీ తెలిసే ఉంటుంది.

"అలాంటి ఇల్లు మా వీధిలో లేదు" అన్నాడు బావ. ఫోన్ పెట్టేశాడు.

నేను ఫోన్ లాక్కుని అదే నంబరుకి చేశాను. బిజీ. మళ్ళీ చేశాను, బిజీ. బండి శబ్దం వీధి మలుపు దాకా వచ్చి, దూరమైపోవడం విన్నాను. ఎట్టకేలకు కలిసింది. గేటు బయట నడివీధిలో నిలబడి, "మొరిగే ఇల్లే! అదే మాది! వెనక్కి రా నాయనా, మొరిగే ఇల్లు!" అని గొంతు చించుకుని అరిచాను. డాబాల మీద జనం నిలబడి చూశారు. ఒకడి చేతిలో ఫోన్ కూడా ఉంది.

ఆసుపత్రిలో డాక్టర్ "ఇంత ఆలస్యం ఎందుకైంది?" అని అడిగింది.

"అడ్రసు దొరకలేదండీ" అన్నాడు బావ.

"దొరికింది డాక్టర్‌గారూ. ఈయనే లేదన్నాడు" అన్నాను నేను.

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కాస్త ముందు తెచ్చి ఉంటే మాట దక్కేదేమో అంది. అక్క బతికింది. కుడి పక్క పోయింది, మాటలు పోయాయి. మిగిలింది ఒకే ఒక శబ్దం, గొంతు లోతుల్లోంచి బొంగురుగా వచ్చేది. ఆకలికీ అదే, నొప్పికీ అదే, కోపానికీ అదే. ఇల్లు చిన్నది, కిటికీలు వీధిలోకి ఉంటాయి. అందరికీ వినబడేది.

అక్కని ఇంటికి తెచ్చిన కొద్ది రోజులకి పటంలో ఆ ఇంటి కింద కొత్త మాట కనబడింది. ఎవరో అయిదు నక్షత్రాలిచ్చి, "ఇప్పుడు ఇద్దరూ మొరుగుతున్నారు" అని రాశారు. కింద నవ్వుతున్న బొమ్మలు, వరసగా. ఆ రాసినవాడి చేతులు విరిగిపోవాలని నోరారా తిట్టుకున్నాను. ఫిర్యాదు పెట్టాను. జవాబు వెంటనే వచ్చింది: పరిశీలించాం, మా నియమాలకు విరుద్ధంగా ఏమీ కనబడలేదు. ఈ సంగతి బావకి చెప్పలేదు. ఆయన మీద నాకు చాలినంత కోపం ఉంది గానీ, ఇది చెప్పేంత లేదు.

అక్కకి చెయ్యీ కాలూ ఆడించడానికి వ్యాయామం చేయించే అమ్మాయిని మాట్లాడాం. మొదటి రోజు ఆమె వీధిలో అటూ ఇటూ తిరిగి బావకి ఫోన్ చేసింది. "విశ్రాంతి అని ఎక్కడా చూపించట్లేదండీ. ఇంకో ఇంటికి టైమవుతోంది, రేపు రానా?"

బావ గోడ వైపు తిరిగాడు. "మొరిగే ఇల్లు అని చూడమ్మా" అన్నాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆమెకి వినబడక "ఏంటండీ?" అంది. రెండోసారి గట్టిగా చెప్పాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి గేటుకి నిచ్చెన వేసి ఉంది. పాత రేకు నేల మీద పడుంది, దాని మీద తెల్లరంగు పూసేసి. ఎండిపోయిన కుంచెల్ని కిరోసిన్‌లో నానబెట్టుకున్నాడు. చెయ్యి వణుకుతోందని మణికట్టు కింద కర్ర ఆనించుకుని రాస్తున్నాడు. అదే నీలం. కుడి అంచున అదే బూడిద రంగు నీడ. "మొరిగే ఇల్లు." ప్రతి అక్షరం రేకు మీంచి లేచి నిలబడుతోంది.

"ఏంటిది బావా?" అన్నాను.

"మళ్ళీ అవసరమైతే దొరకాలిగా" అన్నాడు కుంచె ఆపకుండా.

అక్కని చక్రాల కుర్చీలో గుమ్మం దాకా తెచ్చాను. చాలాసేపు బోర్డుకేసి చూసింది. ఏం అనుకుందో నాకు తెలియదు, ఆమెకి చెప్పే దారి లేదు. లోపలికి తీసుకెళ్ళమని ఎడం చేత్తో నన్ను తట్టింది.

సాయంత్రానికి ఫొటో పటంలోకి ఎక్కింది. బావ అరుగు మీద కూర్చుని, వేళ్ళకంటిన రంగు గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"ఏమన్నా రాశారా?" అని అడిగాడు. నెలల తర్వాత ఆయన ఆ మాట అడగడం అదే మొదలు.

"చివరికి ఒప్పుకున్నాడు" అని ఒకడు రాశాడు. "నిజాయితీ గల కుక్క" అని ఇంకొకడు. అవి వదిలేసి కిందికి జరిపాను. ఒకటి కనబడింది. "అయిదు నక్షత్రాలు. ఇంటి సంగతి తెలియదు గానీ, ఆ అక్షరాలు మాత్రం అద్భుతం. ఇలాంటి చేతిరాత ఈ రోజుల్లో ఎక్కడా చూడలేదు. రాసింది ఎవరో చెబితే మా షాపుకి రాయించుకుంటాం." అదే చదివాను.

బావ గుడ్డ పక్కన పెట్టాడు. "మళ్ళీ చదువు" అన్నాడు.

చదివాను. లోపల్నుంచి అక్క పిలిచింది, ఆ ఒక్క శబ్దంతో. మంచినీళ్ళ వేళ అది.

"వస్తున్నా" అన్నాడు బావ. లేవలేదు. "అక్షరాలు అన్నాడు కదూ? ఆ ముక్క ఇంకోసారి చదువు."

అక్క మళ్ళీ పిలిచింది, ఈసారి గట్టిగా. ఎదురింటి డాబా మీద ఎవరో నవ్వారు. నేను ఫోన్ ఆయన ఒళ్ళో పడేసి, గ్లాసుతో నీళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళాను.